ఇది ఢిల్లీ విషయమేనా, హనుమకొండలో అడగడానికి ఏమీ లేదా?

ఈ ఉత్తరం హనుమకొండ నుంచి వచ్చింది. పేరు రాయొద్దంది, రాయడం లేదు. గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చాను.

"అక్కా, నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను. సెలవులన్నీ మా నాలా కమిటీకే పోతాయి. గట్టి వాన పడితే మా కాలనీలోకి నీళ్లొస్తాయి, అందుకే నాలా మీద లేచిన గోడల గురించి ఆర్టీఐలు వేయడం, మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగడం మా పని. నేనూ ఇంకో అమ్మాయీ నాలుగేళ్లుగా కలిసి ఉంటున్నాం. ఇంటి ఓనర్‌కి, కమిటీవాళ్లకి మేం రూమ్మేట్లం, అంతే. పోయిన ఏడాది తనకి అపెండిక్స్ ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి ఫారంలో 'పేషెంట్‌తో సంబంధం' అన్న గడిలో కజిన్ అని రాసి సంతకం పెట్టాను. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. మొన్న ఎమ్మెల్యేకి ఇవ్వబోయే వినతిపత్రం రాస్తుంటే, స్వలింగ జంటల గురించి కూడా ఒక మాట పెడదామా అని ఊరికే అడిగినట్టు అడిగాను. కమిటీ పెద్దాయన, నేను బాబాయ్ అంటాను, చాలా మంచివాడు, 'అవన్నీ ఇప్పుడెందుకమ్మా, నడిచే నాలా పని కూడా ఆగిపోతుంది, అయినా అది సుప్రీంకోర్టు తేల్చేసింది కదా, ఢిల్లీ విషయం' అన్నారు. అందరూ తలూపారు, నేను కూడా ఊపాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నేను మాట్లాడాలా, లేక నోరు మూసుకుని నాలా పని చేసుకోవాలా? అసలు మన రాష్ట్రంలో అడగడానికి ఏమైనా ఉందా?"

ముందు ఆ ఫారం సంగతి చూద్దాం. నీ భాగస్వామి మేజర్, స్పృహలో ఉంది, కాబట్టి ఆపరేషన్‌కి చట్టం అడిగే సంతకం తనది ఒక్కటే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చి చెప్పింది. అక్కడ పేషెంట్ మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి దగ్గర సంతకం తీసుకుని డాక్టరు పెద్ద ఆపరేషన్ చేసేసింది, అది చెల్లదంది కోర్టు. కన్నతల్లి సంతకమే చెల్లని చోట కజిన్ సంతకం ఎవరిక్కావాలి? ఆసుపత్రులు బంధువు సంతకం అడిగేది చాలావరకు బిల్లు కోసం, రేపు ఏదైనా గొడవైతే చూపించుకోవడం కోసం. నువ్వు అబద్ధం రాశానని ఏడ్చావు కానీ తల్లీ, చట్టం అసలు అడగని ప్రశ్నకి రాసిన అబద్ధం అది. ఇంకోమాట, ఆ గడిని అలా ఉంచింది ఢిల్లీ కాదు. ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. మీ బాబాయ్‌కి జవాబు ఇక్కడే మొదలవుతుంది.

సుప్రీంకోర్టు ఏం తేల్చిందో, ఏం తేల్చలేదో చూద్దాం. స్వలింగ జంటల పెళ్లి గురించిన ఆ కేసులో 2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది, అది నడిచింది మన హైదరాబాద్ జంట పేరు మీదే. సుప్రియో, అభయ్ 2021 డిసెంబరులో ఇంటివాళ్ల మధ్య పెళ్లి వేడుక చేసుకుని, 2022 నవంబరులో కోర్టుకెళ్లారు. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు జడ్జీలూ అన్నారు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టాన్ని మేం తిరగరాయలేం అన్నారు. పెళ్లి కాకపోయినా జంటగా గుర్తింపు ఇవ్వాలా అన్న దగ్గర ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. ఇంతవరకు బాబాయ్ చెప్పింది కరెక్టే. కానీ అదే తీర్పులో, కలిసి బతికే హక్కు మీకు ఉందని ఉంది. ట్రాన్స్ వ్యక్తులు ఆడా మగా జంటగా ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని ఉంది. కేంద్రం చట్టం చేయకపోతే రాష్ట్ర శాసనసభలు కూడా చేయొచ్చన్న మాట ఉంది, అది కూడా మెజారిటీ జడ్జీల వైపు నుంచే. అంటే కోర్టు తలుపేసింది నిజమే గానీ, తాళంచెవి శాసనసభల చేతికిచ్చింది, మన శాసనసభ కూడా అందులో ఉంది.

పెళ్లి, విడాకులు, దత్తత, వారసత్వం ఇవన్నీ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే కేంద్రమూ రాష్ట్రమూ రెండూ చట్టం చేయొచ్చు. ఇది కాగితం మీది హక్కు మాత్రమే అనుకునేవాళ్లకి మన ఊళ్లలోనే రుజువు ఉంది. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా అన్నది ఢిల్లీ ఇచ్చింది కాదు. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి తెచ్చింది. అప్పటికి పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించలేదు, ఆ లోపం ఉంది. అయినా అది వచ్చింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ఆ దారి పట్టాయి. కేంద్రం దేశమంతటికీ అదే పని చేసింది 2005లో, ఇరవై ఏళ్ల తర్వాత. అంతకు ముందు 1967లో తమిళనాడు కూడా పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్న ఆత్మగౌరవ పెళ్లిళ్లు చెల్లుతాయని హిందూ వివాహ చట్టానికి తన సొంత సెక్షన్ చేర్చుకుంది. కుటుంబ చట్టం విషయంలో దక్షిణాది రాష్ట్రాలు ముందు నడవడం, ఢిల్లీ వెనక రావడం కొత్తేమీ కాదు. కాకపోతే కేంద్ర చట్టానికి అడ్డుపడేలా రాష్ట్రం చట్టం చేస్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. రాష్ట్రపతి ఆమోదం అంటే కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోవడమే. ఇప్పుడున్న కేంద్రం ఒప్పుకుంటుందని నాకు ఆశ లేదు, నీకు లేనిపోని ఆశ పెట్టను కూడా.

అందుకే చట్టం కూడా అక్కర్లేని పనులు చెప్తాను. అవే ఎక్కువ ఉన్నాయి, వాటి గురించే మనవాళ్లు తక్కువ మాట్లాడతారు.

2024 సెప్టెంబరు 1న కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఒక ప్రకటన ఇచ్చింది. రేషన్ కార్డు విషయంలో క్వీర్ జంటలని, అంటే స్వలింగ, ట్రాన్స్ జంటలని, ఒకే ఇంటివాళ్లుగా చూడాలని కేంద్ర ఆహార శాఖ అన్ని రాష్ట్రాలకి లేఖ రాసిందని అందులో ఉంది. జాయింట్ బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ అడ్డూ లేదని ఆర్థిక శాఖ చెప్పింది. దగ్గరి బంధువులు లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకి రాసింది. అదే ఏడాది జులైలో హోం శాఖ జైళ్ల గురించి కూడా రాసింది, ములాఖత్‌లో వివక్ష చూపొద్దని. చూశావా, జైలుకెళ్తే చూడటానికి రావచ్చు, చనిపోతే తీసుకెళ్లొచ్చు, మధ్యలో ఐసీయూ దగ్గర మాత్రం కజిన్ అని రాయాలి!

ఇందులో నా కన్ను రేషన్ కార్డు మీదుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే స్నేహితులకి ఇది చెప్తే నవ్వుతారు, మాకు రేషన్ బియ్యం ఎందుకని. కానీ తెలంగాణలో కుటుంబం అంటే ఎవరెవరో ప్రభుత్వం చూసేది ఆ కార్డులోనే. ఆరోగ్యశ్రీ దాన్ని బట్టే, అంటే పది లక్షల దాకా వైద్యం. మిగతా పథకాలకి దరఖాస్తు పెట్టుకోవాలన్నా కౌంటర్‌లో మొదట అడిగేది అదే. ఊళ్లో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకే కార్డు. ఆ లెక్కలో స్వలింగ జంటలు ఉండరా? చీరల షోరూంలో నిలబడి అమ్మే అమ్మాయిలు, మిషన్ కుట్టుకునేవాళ్లు, హోటల్లో వంట చేసేవాళ్లు ఇళ్లలోంచి వచ్చేసి ఇద్దరిద్దరుగా అద్దె గదుల్లో ఉన్నారు. వాళ్ల పేర్లు ఇంకా ఊళ్లో తండ్రి కార్డులోనే ఉంటాయి, లేదా ఆ తండ్రి కోపంతో తీయించేసి ఉంటాడు. పెళ్లి హక్కు అంటే డబ్బున్నవాళ్ల ఫ్యాషన్ అని మన వామపక్ష మిత్రులు కొందరు మూతి తిప్పుకుంటారు. వాళ్ల ముందు ఈ కార్డు డిమాండ్ పెట్టి చూడు, ఏమంటారో. కేంద్రం పంపిన లేఖ ఉంది, పంచేది రాష్ట్ర పౌరసరఫరాల శాఖ, కావాల్సింది ఒక సర్క్యులర్, ఫారంలో ఒక గడి. ఇది మీ ఎమ్మెల్యే మంత్రితో మాట్లాడగలిగిన పని.

రెండోది ఆసుపత్రి. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. మనకి నచ్చిన మేజర్ మనిషిని ఎవరినైనా, బంధువు కాకపోయినా, తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టి మన ప్రతినిధిగా పెట్టుకోవచ్చు. స్టాంపు పేపరు కూడా అక్కర్లేదు. మామూలు ఆసుపత్రులకి అలాంటి నియమం లేదు. వరంగల్‌లోని సర్కారు ఆసుపత్రి ఎంజీఎం నుంచి కార్పొరేట్ ఆసుపత్రి దాకా అందరూ పాటించేలా రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలని అడగొచ్చు. ఇది మీ ఇద్దరి కోసమే కూడా కాదు. పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లకి, భర్త వదిలేసిన ఆడవాళ్లకి, పక్కింటి మనిషే దిక్కైనవాళ్లకి అందరికీ పనికొస్తుంది. వరంగల్‌లో అలాంటి పెద్దవాళ్లు ఎంతమందో మీ బాబాయ్‌కి నాకంటే బాగా తెలుసు. మద్రాసు హైకోర్టు 2023లో తమిళనాడు ప్రభుత్వానికి ఒక సూచన చేసింది, ఇద్దరు మనుషులు మేం ఒక కుటుంబం అని ఒప్పంద పత్రం రాసుకుంటే దాన్ని రిజిస్టర్ చేసే పద్ధతి ఆలోచించమని. అదీ రాష్ట్రం చేయగలిగినదే.

ఇక రాజకీయం. 2023లో కేసు నడుస్తుండగా కేంద్రం రాష్ట్రాల అభిప్రాయం అడిగితే ఏడు రాష్ట్రాలు జవాబు రాశాయి. ఆంధ్రప్రదేశ్, అస్సాం, రాజస్థాన్ వ్యతిరేకం అన్నాయి. మిగతా నాలుగూ టైం కావాలన్నాయి. ఆంధ్రప్రదేశ్ మతపెద్దల్ని అడిగి మరీ రాసింది, క్వీర్ మనుషుల్ని ఒక్కరినైనా అడిగారో లేదో. తెలంగాణ ఆ ఏడింటిలో లేనే లేదు, కేసు వేసిన జంట ఉన్నదే ఇక్కడైనా సరే. అప్పుడు రాజస్థాన్‌లో ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల మేనిఫెస్టోలో అదే కాంగ్రెస్, విస్తృతంగా సంప్రదించి ఎల్‌జీబీటీ జంటల సహజీవనానికి చట్టబద్ధ గుర్తింపు తెస్తామని రాసింది. సీపీఎం కూడా రాసింది. రాసినంత మాత్రాన నమ్మేయమని కాదు, కానీ వినతిపత్రంలో మొదటి లైనుగా వాడుకోవడానికి ఇంతకంటే మంచిది ఏముంటుంది? తెలంగాణలో అధికారంలో ఉన్నది కాంగ్రెస్ పార్టీయే. "మీ మేనిఫెస్టోలో మీరే రాశారు సార్, రాష్ట్రం చేతిలో ఉన్నంతవరకైనా చేయండి" అంటే ఏ నాయకుడైనా కోప్పడలేడు, తప్పించుకోగలడు అంతే. ప్రతిపక్షాలనీ ఇదే అడగాలి. తెలంగాణ మౌనంగా కూర్చున్న ఆ 2023లో పాలించింది బీఆర్ఎస్సే కదా.

నువ్వు ఒంటరిగా మొదలుపెడుతున్నానని కూడా అనుకోకు. నిజాం కాలం నాటి ఒక చట్టం, హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్‌లో రాయాలని, ఆడవాళ్ల బట్టల్లో బయట కనిపిస్తే వారెంట్ లేకుండా పట్టుకోవచ్చని చెప్పే చట్టం, 1919 నుంచి పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి, ఆమెతో ఇంకొందరు 2018లో దాని మీద కోర్టుకెళ్తే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది, పైగా ట్రాన్స్ వ్యక్తులకి ఆసరా పింఛను ఇవ్వమంది. అదే ఏడాది అసెంబ్లీ ఎన్నికల్లో మీ పక్కనే వరంగల్ తూర్పులో చిత్రపు పుష్పిత లయ అనే ట్రాన్స్ మహిళ బీఎస్పీ తరఫున నిలబడింది. ఓట్ల లెక్క వదిలెయ్, ఆ గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి ఓటడగడానికి ఎంత గుండె కావాలి! నీకూ నాకూ రూమ్మేట్ అనే ముసుగు ఉంది, వాళ్లకి ఏ రోజూ లేదు. కాబట్టి ఏదైనా మొదలుపెట్టే ముందు వరంగల్‌లో పనిచేస్తున్న ట్రాన్స్ మహిళల్ని వెతుక్కుని కలువు, కాగితం వాళ్లతో కూర్చుని రాయి.

బాబాయ్ అన్న "ఇప్పుడెందుకు" గురించి. ఆయన మీద నాకు కోపం లేదు, కానీ ఈ మాట తెలంగాణలో మనం ఇంతకుముందే విన్నాం. ముందు రాష్ట్రం రానీ, ఆడవాళ్ల సంగతి, దళితుల సంగతి తర్వాత చూద్దాం అన్నారు. రాష్ట్రం వచ్చింది. 2014లో వచ్చిన మొదటి మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. మొదటి మహిళా మంత్రులు ప్రమాణం చేసింది 2019 సెప్టెంబరులో. ధర్నాల్లో, రోడ్ల మీద వంటావార్పుల్లో ముందు కూర్చున్నవాళ్లు ఐదేళ్లు ఆగాల్సి వచ్చింది. ఉద్యమంలో తిరిగిన మనిషైతే ఆయనకి ఈ ఒక్క సంగతి గుర్తు చెయ్, వాదన పెట్టుకోకు.

అలాగని నాలా కమిటీ లెటర్‌హెడ్ మీద ఈ డిమాండ్ పెట్టాలని నేను అనను. ఆ కమిటీ ఒక పని కోసం కూడిన మనుషులది. ఒప్పుకోనివాళ్లని లాగితే రెండూ చెడతాయి, ఆయన భయంలో అంతమేరకు నిజం ఉంది. వేరే కాగితం రాయి, వేరే నాలుగు పేర్లు పెట్టు, కావాలంటే అదే సోమవారం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పక్క కౌంటర్‌లో ఇవ్వు. రశీదు మర్చిపోకు, అది నీకు నేను చెప్పాలా.

మాట్లాడాలంటే నీ సంగతి బయట పెట్టాల్సిందే అని ఎవరైనా అంటే వినకు. రేషన్ కార్డు గడి గురించి అడగడానికి నువ్వెవరితో ఉంటున్నావో ఎవరికీ చెప్పక్కర్లేదు. సంబంధాలు చూస్తున్న ఈ టైంలో అసలే వద్దు. ముందు ఇంటి సంగతి చక్కబెట్టుకో. మీ ఇద్దరి సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకాలు ఊళ్లో అమ్మానాన్నల బీరువాలో ఉంటే ఏదో ఒక వంకతో తెచ్చుకోండి. బ్యాంకులో నామినీగా ఒకరినొకరు పెట్టుకోండి, కానీ అంతటితో సరిపోదు. నామినీ చేతికి డబ్బు వచ్చినా వారసులు మాది అనొచ్చు. అందుకే వీలునామా రాసుకోండి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు నీ ఎదుట సంతకం పెట్టాలి, లబ్ధి పొందేవాళ్లు సాక్షిగా ఉండకుండా చూసుకోవాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే రేపు కాదనేవాళ్లు తగ్గుతారు. పెళ్లికాని ఆడపిల్ల వీలునామా లేకుండా పోతే తన సొంత సంపాదన కూడా తల్లిదండ్రులకే వెళ్తుంది, నాలుగేళ్లు ఒకే గిన్నెలో తిన్న మనిషికి కుక్కర్ మీద కూడా హక్కుండదు.

ఒకవేళ ఇంట్లో తెలిసి ఎవరైనా ఒకరిని బలవంతంగా తీసుకెళ్తే, భయపడి ఆగిపోవద్దు. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ఇలాంటి కేసే వచ్చింది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు అమ్మాయిల్లో ఒకరిని తండ్రి నర్సీపట్నం తీసుకెళ్లిపోతే రెండో అమ్మాయి హెబియస్ కార్పస్ వేసింది, అంటే ఆ మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్. మేజర్, తన ఇష్టం వచ్చిన మనిషితో ఉంటుంది, తల్లిదండ్రులు అడ్డుపడొద్దు అంది కోర్టు. అంతకు ముందు మార్చిలో సుప్రీంకోర్టు కూడా హైకోర్టులకి మార్గదర్శకాలు ఇచ్చింది, ఇలాంటి కేసుల్లో అమ్మాయికి కౌన్సెలింగ్ పేరుతో మనసు మార్చే పని పెట్టుకోవద్దని. మన ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయసేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఫోన్ నంబరు 15100. మీ ఇద్దరి ఫోన్లలో అది వేరే పేరుతో సేవ్ చేసుకోండి.

మొదటి అడుగు మాత్రం నీకు బాగా తెలిసిన ఆయుధమే, ఆర్టీఐ. పది రూపాయల ఖర్చు. ఎందుకు అడుగుతున్నావో చెప్పక్కర్లేదని చట్టంలోనే ఉంది. పౌరసరఫరాల శాఖ కమిషనర్ ఆఫీసుకి వెయ్యి. ఎందుకు చేయలేదు అని మాత్రం అడగకు, ప్రశ్నలకి జవాబు చెప్పాల్సిన పని లేదని కొట్టేస్తారు, నకళ్లే అడుగు. ఇలా రాస్తే చాలు: "క్వీర్ జంటలను రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా పరిగణించడంపై కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ 2024లో పంపిన లేఖ నకలు, దానిపై మీ కార్యాలయంలో నడిచిన ఫైలు నోట్, జిల్లాలకు పంపిన సర్క్యులర్లు ఉంటే వాటి నకళ్లు ఇప్పించగలరు." ముప్పై రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు. వచ్చిన కాగితం ఏదైనా, సర్క్యులర్ అయినా "సమాచారం లేదు" అన్న ఒక్క లైనైనా, ఎమ్మెల్యేకి ఇచ్చే వినతిపత్రానికి దాన్ని జతచేస్తే ఇక ఇది ఢిల్లీ విషయం అనడానికి ఆయనకి వీలుండదు.

ఎవరి పేరుతో వేయాలి అంటావా. మీ బాబాయ్‌ని ఒకసారి అడిగి చూడు, ఒక ఫైలు నకలు కావాలి సంతకం పెట్టండి అని. ఏళ్ల తరబడి అదే పని చేస్తున్న మనిషి, చదివి పెట్టినా పెట్టొచ్చు. ఆయన కాదంటే దరఖాస్తు నాకు పంపు, నా పేరు మీద నేను వేస్తాను.